పెద్ద కెమెరాతో చిత్రనగర యాత్ర

2023వ సంవత్సరపు సంక్రాంతి సెలవులలో మేము కుటుంబముతో రామోజీ ఫిలింసిటీని చూడబోయితిమి. ఆ చిత్రనగరమును గూర్చి మన సోదరీమణులలో చాలమంది వినియే యుందురు. కొందరు చూచియు నుందురు. కావున అచట నేమేమి కలవో పట్టికగా వ్రాయుట మా యుద్దేశము కాదు. అంతటి ప్రదేశమును నాలుగు కిలోల కెమెరా సంచిని భుజమున తగిలించుకొని తిరుగుటవలన మాకు కలిగిన కష్టసుఖములను, అందువలన మేము నేర్చుకొన్న యొక పాఠమును చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది సూర్యాపేట. మా యింటివారు బడిపంతులు. మా అత్తగారికి అప్పటికి 68 ఏండ్లు. అంతకు ముందటి సంవత్సరమున ఆమెకు కన్నులలో నీటికాసులను వ్యాధి కలదని వైద్యులు కనుగొనిరి. ఇది కంటిపొర వంటిది కాదు. పొర యైనచో శస్త్రచికిత్సచే తీసివేయుదురు. చూపు మరల వచ్చును. నీటికాసులలో సాధారణముగా కంటిలోపలి యొత్తిడి పెరిగి, కంటినరము కొంచెము కొంచెముగా చెడిపోవును. తరచుగా నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు తగ్గును. ఎదుటిచూపు చాలకాలము నిలుచును. అందుచేత రోగి యెన్నో నాళ్లు ఎరుగకయే యుండును. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును చుక్కలమందుతోను, అవసరమైనచో ఇతర చికిత్సలతోను కాపాడుకొనవలసినదే.

ఈ సంగతి తెలిసిననాడు మా అత్తగారు కన్నీరు పెట్టలేదు. రెండు దినములు మాటలాడక, మూడవనాడు, "చూపుండగా నాకు సినిమాలు పుట్టెడు చోటు చూపింపుడు" అని మాత్ర మడిగిరి. కాశీ రామేశ్వరములు కోరుదురేమో యనుకొన్న మాకు ఆశ్చర్య మయ్యెను. ఆమె చిన్ననాట ఊరిబయట డేరా టాకీసులో 'మాయాబజారు' (1957) చూచిరట. అందలి వెన్నెల నిజమైన వెన్నెల కాదనియు, మార్కస్ బార్ట్లీ యను ఛాయాగ్రాహకుని కల్పన యనియు మా యింటివారు ఎన్నిమారులు చెప్పినను ఆమె నమ్మెడివారు కారు. "వెన్నెలను మనుష్యుడు చేయునా? ఎట్లు చేయునో నాకు చూపుము" అని కుమారునితో పంతగించెడివారు.

ఇక కెమెరా మాట. మా తమ్ముడు పెండ్లిండ్లకు ఫోటోలు తీయును. అతడు క్రొత్తగా చిన్న కెమెరాను కొనుక్కొని పాతదానిని మాకు కొన్నాళ్లకై ఇచ్చెను. ఒట్టి కెమెరాయే కిలోకు దగ్గర. దాని కమర్చు పొడుగు కటకము కిలోన్నర. మరియొక పొట్టి కటకము, బ్యాటరీలు, చార్జరు చేరి సంచి నాలుగు కిలోలు తూగెను. దానిని పట్టుటకు అతడు మాకు వారము దినములు పాఠము చెప్పెను. కటకములోని ద్వారము కంటిపాప వంటిది. వెలుతురు మిక్కుటమైనచో చిన్నది చేయవలెను, చీకటియైనచో పెద్దది చేయవలెను. షట్టరు కనురెప్ప వంటిది. పరుగెత్తు వస్తువును పట్టవలెనన్న అది సెకనులో అయిదువందవ వంతు కన్న తక్కువకాలము మాత్రమే తెరచుకొనవలెను. ఛందస్సులోని గణములను వల్లించినట్లు ఈ లెక్కలన్నియు వల్లించితిమి. అత్తగారి ఈ యాత్రను చెదరక బొమ్మలలో నిలుపవలెనని మా యాశ. ఆ బొమ్మలు ఎవరికొరకో, అవి యెట్లు ఉపయోగపడునో అప్పుడు ఆలోచింపలేదు.

తెల్లవారుజామున బస్సెక్కి నకిరేకల్లు, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పలు మీదుగా పోయి, హైదరాబాదు చేరకముందే అబ్దుల్లాపూర్‌మెట్ దరిని దిగితిమి. రాచకొండ గుట్టలవంటి రాతినేల. చెరుకూరి రామోజీరావుగారు (1936–2024) ఇట్టి గుట్టలనడుమ 1996లో ఈ నగరమును నెలకొల్పిరి. దీని విస్తీర్ణము 1,666 ఎకరములనియు, చిత్రీకరణ శాలలు 47 అనియు, ప్రపంచములోని చిత్రనిర్మాణ స్థలములలో ఇదియే పెద్దదనియు గిన్నిస్ గ్రంథమువారు లెక్కించిరి. తెలుగు చిత్రపరిశ్రమ ఒకప్పుడు మద్రాసున నుండి క్రమముగా హైదరాబాదునకు తరలి వచ్చినది. అట్లు వచ్చినదానికి ఇచట ఒక నగరమే దొరకినది.

లోపల తిరుగుటకు ఎర్రని పాతకాలపు రీతి బస్సులు కలవు. రైలు రాని రైలుస్టేషను, విమానము దిగని విమానాశ్రయము, కాపురముండువారు లేని మేడల వీథులు వరుసగా కనబడును. ఒకే కట్టడమునకు ఒక ప్రక్క ఒక ముఖము, వేరొక ప్రక్క వేరొక ముఖము. చిత్రమునుబట్టి పేరుపలక మార్చుదురు. నున్నని స్తంభమును వ్రేలితో తట్టినచో లోపల బోలుగా మ్రోగును. మాకు భారతమందలి మయసభ జ్ఞప్తికి వచ్చెను. దుర్యోధనుడు నేలను నీరనుకొని బట్ట పైకెత్తుకొనెను, నీటిని నేలయనుకొని తడిసెను. అచట కన్నును మోసగించుటకు కట్టిరి, ఇచటను అంతియే. కాని ఇచట మోసపోవలసినది మన కన్ను కాదు, కెమెరా కన్ను. మనము నాలుగడుగులు ప్రక్కకు జరిగి చూచినచో వెనుక నున్న కొయ్యలు, ఇనుపగొట్టములు కనబడును. కెమెరా మాత్రము తనను నిలిపిన చోటునుండి, తనకు చూపినంతయే చూచును. కెమెరాకై కట్టిన ఊరిలో కెమెరాను మోయుచు తిరుగుట తగిన పనియే యని మేము మురిసితిమి.

ఆ మురిపెము గంటసేపు నిలిచెను. నిండుబిందెను చంకనెత్తుకొను ఆడువారికి రెండున్నర కిలోలు ఒక లెక్కయా యని మొదట తలచితిమి. కాని బిందె నడుమున కానియుండును, నడకతోపాటు నడచును. ఇది మెడనుండి వ్రేలాడుచు, అడుగడుగునకు రొమ్మును పొడుచును. పట్టీక్రింద పమిట నలగి లాగుకొనిపోవును. కూర్చున్నచో ఒడిలో పసిబిడ్డవలె పట్టుకొనవలెను. నిలుచున్నచో ఎవరి మోచేయి తగులునో యని కాచుకొనవలెను. ఎండలో తెల్లని మేడలు సున్నపుముద్దవలె వెలవెలబోవుచుండ, ఆ ద్వారమును చిన్నది చేయుట; చీకటిశాలలోనికి పోగానే దానిని పెద్దది చేయుట; ఈ పనితోనే ప్రొద్దు గడచుచుండెను. బస్సెక్కునపుడు ఒక చేయి కడ్డీకి, ఒక చేయి కెమెరాకు. అత్తగారిని పట్టుకొనుటకు మూడవ చేయి లేకపోయెను. ఆ పని మా అబ్బాయి చేసెను. వానికి అప్పటికి తొమ్మిదేండ్లు.

సినిమా ఎట్లు తయారగునో చూపు శాలకు పోయితిమి. అచట ప్రేక్షకులలోనుండి ఒకరిని పిలిచి 'షోలే' (1975) చిత్రములోని జట్కాబండి పరుగును పోలిన ఘట్టమును నటింపజేయుదురు. మా భాగ్యమున మా అమ్మాయినే పిలిచిరి. పదునాలుగేండ్ల పిల్ల, బడిలో పద్యము చదువుమన్నను సిగ్గుపడునది, గుర్రము లేని బండియెక్కి కొరడా యాడింపసాగెను. బండి కదలదు, దానిని ఊపుచుందురు. తరువాత ఆ బొమ్మకు వేరుగా తీసిన పరుగును, వేరుగా పుట్టించిన చప్పుళ్లను కలిపి తెరమీద చూపగా, మా పిల్ల నిజముగనే దొంగలనుండి తప్పించుకొని పోవుచున్నట్లుండెను. శాలయంతయు చప్పట్లు.

మేమేమి చేయుచుంటిమి? ఆ చీకటిలో కెమెరా దేనిమీదను కుదురుకొనక గిరగిర తిరుగుచుండ, దానితో పెనగులాడుచుంటిమి. పొడుగు కటకము తీసి పొట్టిది తగిలింపబోయితిమి. మూత క్రిందపడెను. వంగి వెదకి తలయెత్తునప్పటికి అంతయు ముగిసెను. అమ్మాయి పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, చూచితివా? నేను కొరడా ఎట్లాడించితినో చూచితివా?" అని యడిగెను. మేము "చూచితిమి" అని అబద్ధ మాడితిమి. అత్తగారు మాత్రము, తమకు మిగిలిన ఆ ఎదుటిచూపుతో తదేకముగా చూచియుండిరి. మనుమరాలి ముఖమున నవ్వెప్పుడు వచ్చినదో, భయమెప్పుడు నటించినదో ఒక్కటొక్కటిగా చెప్పిరి. ఆ పిల్ల నాయనమ్మ ప్రక్కనే కూర్చుండిపోయెను.

తరువాత 'బాహుబలి' చిత్రములకై (2015, 2017) నిర్మించిన మాహిష్మతీ నగరమును చూచితిమి. కళాదర్శకుడు సాబు సిరిల్ కల్పన అది. ఏనుగుల విగ్రహములు, ఎత్తైన ప్రాకారములు ఎండలో మెరయుచుండెను. జనసమ్మర్ద మధికముగా నుండెను. మేము పొడుగు కటకమును మరల తగిలించి, ఒక ఏనుగు తొండముకొనను గురిపెట్టి నిలిచితిమి. అంతలో వెనుక "అయ్యో" అను కేక. అబ్బాయి ఎండుగొంతుతో నీళ్లకై తండ్రివద్దకు పోయినాడట. అత్తగారు మా మోచేతికై ప్రక్కకు చేయి చాచిరట. మోచేయి దొరకలేదు, అది పైకెత్తి కెమెరాను పట్టియుండెను. ప్రక్కనున్న మెట్టు ఆమెకు కనబడలేదు. పడిరి.

దేవుని దయవలన మోకాలు గీచుకొనిపోయినంతతో సరిపోయెను. కడిగి కట్టు కట్టితిమి. ఆ మెట్టు తప్పు కాదు, ఆ జనము తప్పు కాదు, తప్పు మాది. మా యింటివారు ఒక్కమాటయు అనలేదు. అనినచో బాగుండెడిది. అత్తగారు నీడను కూర్చుండి, "ఆ దుర్బిణిలోనుండి నన్నొకసారి చూడనిమ్ము" అనిరి. ఇచ్చితిమి. ఆమె కొంతసేపు చూచి, మెల్లగా నవ్విరి.

"బిడ్డా, ఇది నా కన్నువలెనే యున్నది. నడుమ మాత్రము కనబడును, చుట్టును ఏమియు లేదు. నాకు రోగమువలన వచ్చినది. నీవు దీనిని తమ్ముని అడిగి తెచ్చుకొంటివా?"

సోదరీమణులారా, ఇది వట్టి హాస్యము కాదు. లెక్కకు సరిపోవు మాట. పొట్టి కటకమును మిక్కిలి విశాలముగా త్రిప్పినచో మూలనుండి మూలకు ఇంచుమించు 84 డిగ్రీల మేర కనబడును. పొడుగు కటకమును కడకంటను లాగినచో కనబడునది 12 డిగ్రీలు మాత్రమే. దూరపు తొండముకొన దగ్గరకు వచ్చును. దగ్గరి అత్తగారు మాయమగుదురు. ఆరోగ్యమైన రెండు కన్నులుండి మేము ఉదయమునుండి ఆ 12 డిగ్రీలలోనే బ్రతికితిమి. ప్రక్కచూపు విలువ ఎట్టిదో ఇంటిలో ప్రతిదినము చూచుచున్న మేమే దానిని చేతులార మూసికొంటిమి.

ఐనను ఆమె, "నాకొరకు మానవలదు, తీయుము" అనుటచే సంచి మూయలేదు. సీతాకోకచిలుకల తోటకు పోయితిమి. పూలమొక్కల నడుమ అవి యెగురుచుండెను. దూరమున వ్రాలినవానిని నాలుగైదింటిని పట్టితిమి. ఇంతలో ఒకటి వచ్చి అత్తగారి భుజముమీద, నేతచీర యంచున వ్రాలెను. మేము ఆమె ప్రక్కనే యుంటిమి. గురిపెట్టితిమి. బొమ్మ అలుకుకొనిపోయినట్లుండెను. ఆ పొడుగు కటకమునకు ఇంచుమించు ఒక మీటరుకన్న దగ్గరనున్న వస్తువు స్పష్టము కాదు. వెనుకకు జరుగుదమన్న వెనుక జనము. కటకము మార్చుదమన్న అది యెగిరిపోవును. ఊరిచివరి గుట్టను చూడగల ఆ పెద్ద కన్ను మూరెడు దూరములో నున్న ఱెక్కను చూడలేకపోయెను.

అత్తగారు తల కొంచెము త్రిప్పి దానినే చూచుచుండిరి. "నల్లని ఱెక్కలు. అంచున తెల్లచుక్కలు, ముగ్గు పెట్టినట్లు. ఇదిగో, మూసినది. తెరచినది. మీసములు కదలించుచున్నది చూడుము" అనిరి. మేము కెమెరాను దింపితిమి. దింపి చూచితిమి. ఆమె చెప్పినట్లే యుండెను. అది యెంతసేపుండెనో చెప్పలేము; అంతసేపును అత్త, కోడలు, పిల్లలిద్దరును ఊపిరి బిగబట్టి నిలిచితిమి. పిదప అది లేచిపోయెను. దాని బొమ్మ మావద్ద లేదు.

కెమెరాను సంచిలో పెట్టి మా యింటివారి భుజమునకు తగిలించితిమి. వారు మారు మాటాడక మోసిరి. అటుపై మా కుడిమోచేయి అత్తగారిది. మెట్టు వచ్చినప్పుడు "మెట్టు" అంటిమి. మలుపు వచ్చినప్పుడు "ఎడమకు" అంటిమి. ఆమెకు కనబడని ప్రక్కల నున్నవానిని మేము చెప్పుచుంటిమి. ఎదుట నున్నవానిని ఆమె మాకు చెప్పుచుండిరి. "కురుక్షేత్రము చూడని ధృతరాష్ట్రునకు సంజయుడు చెప్పినాడు. నాకు నీవు చెప్పుచున్నావు. కాని సంజయుడు చూచి చెప్పినాడు సుమా!" అని ఆమె మేలమాడిరి. మేము తలవంచుకొని నవ్వితిమి. బోన్సాయి తోటలో పళ్లెములలో పెరుగు మరుగుజ్జు చెట్లను, పక్షుల తోటలో నిప్పుకోడి నడకను ఈ రీతిని పంచుకొని చూచితిమి. ఎక్కువ చోట్లు చూడలేదు గాని చూచినది చూచితిమి.

చీకటి పడగా దీపములు వెలిగించిరి. అది కృష్ణపక్షము, చంద్రుడింకను ఉదయింపలేదు. ఆకసము నల్లగా నుండెను. ఐనను మేడల ముఖములమీదను, చెట్ల యాకులమీదను, మా చేతులమీదను తెల్లని వెలుగు పరచుకొని యుండెను. అత్తగారు ఆకసమువంక చూచి, తమ అరచేతివంక చూచి, మరల ఆకసమువంక చూచిరి. తరువాత కుమారుని పిలిచి, "నీవు చెప్పినది నిజమేరా. వెన్నెలను మనుష్యుడు చేయును" అనిరి. ఎన్నో యేండ్లనాటి పంతము ఆ విధముగా తీరెను. సంచిలోనుండి కెమెరా తీయుదునా యని మా యింటివారు కన్నులతో నడిగిరి. వలదంటిమి.

ఇంటికి వచ్చి లెక్కింపగా 412 బొమ్మలున్నవి. మేడలు, విగ్రహములు, స్తంభములు చక్కగనే వచ్చినవి. ఇంతకన్న బాగుగా తీసిన బొమ్మలు అంగళ్లలో అట్టలుగా దొరకును. అత్తగారు కనబడు బొమ్మలు తొమ్మిది. వానిలో ఆమె ముఖము తిన్నగా కనబడునవి రెండు. మా అమ్మాయి బండి నడుపు బొమ్మ ఒక్కటియు లేదు. ఆ రాత్రి మేము అమ్మాయిని పిలిచి, మేము చూడలేదని నిజము చెప్పితిమి. అది కొంచెముసేపు ఊరకుండి, వంటింటి పీటమీద కూర్చుండి, గరిటెను కొరడాగా పట్టుకొని మొదటినుండి నటించి చూపెను.

నాటినుండి చుక్కలమందు వేళ తప్పకుండ వేయుచున్నాము. వైద్యుల లెక్క ప్రకారము చూపు కొంత తగ్గినది గాని తొందరగా తగ్గుట లేదు. కంప్యూటరు తెరమీది బొమ్మలు అత్తగారికి ఆయాసము కలిగించును, చూడరు. ప్రొద్దుగూకిన తరువాత అరుగుమీద కూర్చుండి, "ఆ దినము చెప్పుము" అందురు. మేము చెప్పుదుము. మధ్యాహ్నము వరకు జరిగినది చెప్పబోయినచో మాట తడబడును. మాకు జ్ఞప్తికి వచ్చునవి కెమెరా అంకెలే. ఆ భాగమును అత్తగారే చెప్పుదురు. సీతాకోకచిలుక మొదలుకొని మేము చెప్పుదుము. దాని యంచున చుక్కలు ఎన్ని వరుసలో ఆ విషయమై మాలో ఇప్పటికిని వాదము కలదు.

కావున యాత్రకు పోవు సోదరీమణులకు మా అనుభవమునుండి నాలుగు మాటలు విన్నవించుచున్నాము. పెద్ద కెమెరా తప్పక కొనిపోదలచినచో పొడుగు కటకమును ఇంటనే యుంచి విశాలముగా చూపు పొట్టిదానిని తీసికొనిపోవుడు. మీవారందరును అందులో నిలుతురు. పట్టీని మెడకు కాక భుజమునుండి అడ్డముగా వేసికొనుడు. ఒక చేయి విడిగా నుండును. ఒక్కొక్క చోట మొదట కన్నులార చూచి, పిమ్మట ఒకటి రెండు బొమ్మలు తీసి మూతవేయుడు. మేడలను కాదు, మీ మనుష్యులను తీయుడు. ముసలివారు వెంట నున్నచో మీ మోచేయి ఎవరిదో ముందే నిశ్చయించుకొనుడు.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. నలుబది యేండ్లు దాటినవారు, ఇంటిలో ఎవరికైనను నీటికాసులున్నవారు, బాధ లేదని ఊరకుండక కంటి యొత్తిడిని, కంటినరమును అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనుడు. మా అత్తగారికి రెండేండ్లు ముందుగా తెలిసియుండినచో ఆమె ప్రక్కచూపు ఇంకను కొంత మిగిలియుండెడిది. వచ్చు సంక్రాంతికి ఆమె యాదగిరిగుట్ట చూడవలెనని కోరుచున్నారు. కెమెరాను తమ్మునికి ఎప్పుడో తిరిగి యిచ్చివేసితిమి.